బురుల్ వెళ్ళే చోటు

ఏప్రిల్ 28

ఉదయం మబ్బు, మధ్యాహ్నానికి తేటపడింది. సరస్సు వైపు నుంచి గాలి. పెద్ద తూము జల్లెడకు పట్టిన నాచు, కొమ్మలు తీసేశాను. చచ్చిన గొర్రెపిల్ల ఒకటి అడ్డం పడి ఉంది. చెవి గుర్తు మనవాళ్ళది కాదు, పై ఊరిది. నీళ్ళు పొద్దున ఆప్రికాట్ తోటకు, తర్వాత గోధుమకు వదిలాను.

టోకోన్ చేను తడిసి ఉంది. నీళ్ళ వంతు అతనిది కాదు. అడిగితే వాన అన్నాడు. వాన పడలేదు.

బురుల్‌ను కట్టు మార్పించడానికి జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. తివాచీ కోసం ఉన్ని మెదుపుతుంటే మరుగునీళ్ళ బాన ఒరిగిపోయి, కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాటి ఉడికిపోయింది. అక్కడే పడుకోమన్నారు. ఆవు ఉంది, కుదరదంది. రోజు విడిచి రోజు బస్సులో తిరుగుతున్నాం.

ఆవరణలో గుర్రాల కట్టుకొయ్య దగ్గర నిలబడ్డాను. అక్కడికి కూడా వినపడింది. బురుల్ అరిచే మనిషి కాదు. మా అమ్మాయి సాలికాను కన్నప్పుడు కూడా అరవలేదు.

ఏప్రిల్ 30

ఎండ. రెండో తూము చక్రానికి గ్రీజు పెట్టాను.

ఈసారి రోడ్డు దాకా వెళ్ళి నిలబడ్డాను. అక్కడికీ వినపడింది.

మే 2

గాలి లేదు. కాలువ గట్టు మీద ఎలుక బొరియ ఒకటి పూడ్చాను.

ఇవాళ ఆసుపత్రిలో వినపడలేదు.

రోడ్డు మీద నిలబడ్డాను. ఏమీ లేదు. కొయ్య దగ్గరికి వచ్చాను. ఏమీ లేదు. తూము దగ్గర చప్పుడు ఆగితే నీళ్ళు ఆగాయని కాదు, పైన ఎక్కడో గండి పడిందని. పరుగున లోపలికి వెళ్ళాను. నర్సు చేతులు అడ్డం పెట్టింది.

"ఎక్కడికి తాతా, బూట్లతో?"

"పోయిందా?"

"ఎవరు పోవడం? నిద్రపోతోంది. అంటే మామూలు నిద్ర కాదులే. పట్నం నుంచి నరాల డాక్టరు వచ్చాడు, మాటలతో నిద్రపుచ్చుతాడు. నోరు మూసుకుని కూర్చో."

కాసేపటికి ఆ డాక్టరు బయటికి వచ్చాడు. పేరు ఎర్నిస్. సన్నగా ఉన్నాడు, సాలికా కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. మనవాడే, కానీ పట్నంలో పుట్టాడు. మన భాష పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడతాడు, కలలు మాత్రం రష్యన్‌లో కంటాడు కాబోలు.

"మీరేనా నీళ్ళు పంచే నీరటి గారు? మీ భార్యకు ఇది చాలా తేలిక. చెప్పీ చెప్పకముందే వెళ్ళిపోతారు."

"ఎక్కడికి?"

నవ్వాడు. "అది ఆవిడ సొంత విషయం. నేను తలుపు దాకా దిగబెడతాను, అంతే."

బస్సులో బురుల్ కిటికీ వైపు కూర్చుని రొట్టె తింది. కాలిన తర్వాత దారిలో ఏమైనా తినడం ఇదే మొదలు.

"నొప్పి లేదా?" అన్నాను.

"ఉంది."

"మరి అరవలేదే?"

"ఉంది గానీ అవతల ఉంది. పక్కింట్లో కూర మాడినట్టు. వాసనొస్తుంది, మన కూర కాదు."

నొప్పి ఎక్కడికీ పోదు. ఒక మడిలో తగ్గిందంటే ఇంకో మడిలో ఎక్కింది. ఎవరి మడిలోనో తెలియాలి.

మే 3

చిన్న జల్లు. టోకోన్‌కు ఇప్పుడు వాన అనే హక్కు ఉంది.

కుమూష్ వదిన పాలు తెచ్చింది. మా అన్న పోయినప్పటి నుంచి పక్క గడపే. ఊరంతా నన్ను నీరటి అంటే, ఆవిడ నీళ్ళ మరిది అంటుంది.

"ఏం నీళ్ళ మరిదీ, నీ పెళ్ళాన్ని పరాయివాడు నిద్రపుచ్చుతుంటే నువ్వు బయట గుర్రాలతో పాటు నిలబడుతున్నావంట?"

"డాక్టరు వదినా."

"డాక్టరైతే మీసాలు రావా? నాకూ చెప్పవయ్యా, నన్నూ నిద్రపుచ్చమను. మీ అన్న పోయాక కంటి నిండా నిద్రే లేదు."

బురుల్ లోపలి నుంచి, "అక్కా, నీకు మాటలు చాలవు, సుత్తి కావాలి," అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో నేను లేను.

పోతూ పోతూ వదిన గొంతు తగ్గించింది. "నవ్వులాటకన్నాలే గానీ, చూసుకో. టీవీలో ఒకాయన చేతులూపితే నీళ్ళు మందవుతాయని ఊరు ఊరంతా జాడీలు పెట్టుకు కూర్చోలా? ఆ నీళ్ళు తాగితే నా మోకాలు తగ్గలేదు గానీ రెండ్రోజులు దొడ్లోనే కాపురం. ఇలాంటివి ఏదో ఒకటి తీసుకోకుండా ఊరికే ఇవ్వవు."

ఏం తీసుకుంటాయో చెప్పలేదు.

మే 4

తేట ఆకాశం. గోధుమకు నీళ్ళు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ చప్పుడు లేదు.

సాయంత్రం బురుల్ టీ గిన్నె ఎడం చేత్తో పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చుంది. మొహం మీద ఏదో ఉంది. నవ్వు కాదు, నవ్వు లేచి వెళ్ళాక మిగిలిన చోటు.

"ఆయన ఏం చెప్తాడు నీకు?"

"గుర్తులేదు."

"ఒక్క మాటైనా?"

"చెయ్యి చల్లబడుతుందంటాడు. చల్లబడుతుంది."

"నువ్వెక్కడుంటావు అప్పుడు?"

"బల్ల మీద. ఇంకెక్కడుంటాను సాలికా నాన్నా?"

మా పిండి జల్లెడ పదేళ్ళ కిందట ఎవరు తీసుకెళ్ళి ఏ చిల్లుతో తిరిగిచ్చారో చెప్పగల మనిషి. గుర్తులేదట.

మే 6

ఎండ మండింది. మంచు కరిగి కాలువ పెరిగింది, పెద్ద తూము తలుపు రెండు మెట్లు దించాను.

ఆసుపత్రి వెనక బొగ్గు కొట్టు ఉంది. దాని పక్కన కట్టు గది కిటికీ. పైరెక్క తీసి ఉంది. బొగ్గు కొట్టు నీడలో నిలబడ్డాను. ఎండగా ఉంది కాబట్టి అక్కడ నిలబడ్డాను.

డాక్టరు గొంతు సన్నగా, ఆగకుండా, మాటలు తెలియకుండా వచ్చింది. తర్వాత బురుల్ గొంతు. గట్టిగా, స్పష్టంగా.

"అయజ్."

మళ్ళీ, "అయజ్!"

నా పేరు.

నేను పుట్టిన పూట గొడ్లు నిలబడ్డచోటే బిగుసుకుపోయే గడ్డచలి. ఆ చలి పేరే నాకు పెట్టింది మా అమ్మ. పెళ్ళై పాతికేళ్ళు దాటింది. మొగుడి పేరు పెళ్ళాం పలకదు. పేరే కాదు, ఆ పేరున్న మాట కూడా పలకదు. లోకమంతా చలిని అయజ్ అంటే బురుల్ మాత్రం 'కొరికేది' అంటుంది. 'తలుపు వెయ్యి, కొరికేది వస్తోంది' అంటుంది. సాలికా చిన్నప్పుడు చలికి అదే పేరనుకుని బడిలో చెప్పి నవ్వులపాలైంది. అమ్మ పోయాక నా పేరు పలికే మనిషి లేడు. మా సమష్టి పొలం, కల్హోజ్ జాబితాలో ఉంటుంది, అంతే.

ఆ పేరు ఇవాళ కిటికీలోంచి బయటపడింది, దొడ్డి దాటిన దూడలా.

పాతికేళ్ళు నోట రానిది పది నిమిషాల్లో రప్పించాడు. ఇది రప్పించినవాడు ఇంకేం రప్పించలేడు?

బస్సులో ఏమీ అడగలేదు.

మే 7

అడిగాను. ఆవు పాలు పిండి లోపలికి తెచ్చి అడిగాను.

"నిన్న నా పేరు పలికావు."

"నేనా?" అంది. "నా నోటనా? నీ చెవుల్లో కాలువ నీళ్ళు పోయినట్టున్నాయి."

"రెండుసార్లు."

"పోనీ మూడుసార్లను. ఏ ఆడది పలుకుతుందయ్యా? నా నోరు పడిపోదూ!"

మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడింది. నిద్రలో అన్న మనిషికి గుర్తుండదు. ఎర్రబడిన మనిషికి గుర్తుంది.

గుర్తుండి అబద్ధమాడుతుంటే ఒక రకం. గుర్తులేక నిజంగానే తెలియకపోతే ఇంకో రకం. ఏది మంచిదో తేలలేదు. కాలువ మీద సాయంత్రం దాకా పని ఉంది. ఏం చేశానో రాయదగ్గది కాదు.

మే 8

బస్సు రాలేదు.

మే 9

యుద్ధ విజయదినం, సెలవు. ఊళ్ళో జెండాలు. నీళ్ళకు సెలవు లేదు, పై గడ్డిచేనుకు వదిలాను.

నిన్న బస్సు వచ్చిందని వదిన అంటుంది. నేను చూడలేదు.

మే 10

మబ్బు. తూము నంబర్లకు మళ్ళీ రంగు వేశాను.

ఆసుపత్రికి వెళ్ళకపోతే కొంపలేం మునగవు, కట్టు మార్చడం ఎంత పని అన్నాను. వదినకు అన్నాను. వదిన గోరువెచ్చని నీళ్ళు పోసి పాత గుడ్డ తడిపింది. బురుల్ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. సొంతంగా వెళ్ళాలని చూస్తోంది, అక్కడికి. కాసేపు మొహం వదులైంది కూడా. అప్పుడు కళ్ళు తెరిచి గుమ్మంలో నన్ను చూసింది. పెదవులు ఆగిపోయాయి.

"పోయి నీ కాలువ చూసుకోరాదూ," అంది.

"ఇక్కడుంటే ఏం?"

వదిన గుడ్డ లాగింది. బురుల్ తన కోటు చెయ్యి పళ్ళ మధ్య పెట్టుకుంది. అయినా వినపడింది.

నేను కాలువకు వెళ్ళాను.

మే 12

ఎండ. ఉదయం ఏ పనీ చేయలేదు.

కట్టు కింద నుంచి వాసన. బురుల్ ఒళ్ళు కాలిపోతోంది, ఆవును సాలికా అని పిలిచింది. టోకోన్ తన మాస్క్విచ్ కారు తీసుకొచ్చాడు. దారి పొడుగునా నీళ్ళ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సర్జన్ రయీసా పెత్రోవ్నా గుడ్డ విప్పింది. నా వైపు తిరిగి అడిగింది.

"ఎందుకు తీసుకురాలేదు?"

"బస్సు రాలేదు."

"అన్ని రోజులూ రాలేదా?"

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"నువ్వు నీళ్ళు పంచేవాడివట కదా? నీ కాలువలో ఇంత మురుగు చేరేదాకా చూస్తూ ఊరుకుంటావా?"

బురుల్‌ను పడుకోబెట్టేశారు. జ్వరం దిగాక తొడ మీది చర్మం తీసి చేతికి వేయాలట. వేయకపోతే చెయ్యి మోచేతి దగ్గర మడతపడి అలాగే బిగుసుకుపోతుంది. ఆ చెయ్యి ఇక చెంచా ఎత్తదు, ఉన్ని మెదపదు, జడ వేసుకోదు. పూర్తి మత్తు ఇస్తారా అని అడిగాను. వెనకటికి బురుల్‌కు అపెండిసైటిస్ ఆపరేషన్‌కు మత్తిస్తే గుండె ఆగినంత పనై, అందరూ పరుగులు పెట్టారు. ఆ కాగితం రయీసా పెత్రోవ్నా చేతిలోనే ఉంది.

"అందుకే పూర్తి మత్తు ఇవ్వను. చోటు మొద్దుబారే సూది ఇస్తాను. ఇంత చోటుకు అది చాలదు. మిగతాది ఎర్నిస్ చూసుకోవాలి."

"అతను లేకుండా?"

"అతను లేకుండా ఆమె బల్ల మీద ఉండలేదు. నాకు కత్తి పట్టడం వచ్చు, కదిలే చేతి మీద కాదు."

మే 14

వదిన ఆవును చూస్తానంది. నేను పొద్దున నీళ్ళు వదిలి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాను. జ్వరం తగ్గింది.

డాక్టర్ ఎర్నిస్‌ను బొగ్గు కొట్టు దగ్గర పట్టుకున్నాను. సిగరెట్ కాలుస్తున్నాడు.

"నా పేరు ఆమె చేత ఎందుకు పలికించావు?"

"ఏ పేరు?"

"నా పేరు."

"మీ పేరు నాకు తెలియదు కదండీ. అందరూ నీరటి అంటారు."

చెప్పాను. నా పేరు నా నోటితోనే చెప్పుకోవడం నాకూ కొత్తగా ఉంది. సిగరెట్ అతని వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"అయ్యో," అన్నాడు. తర్వాత నవ్వబోయి మానేశాడు. "నేను ఆవిడకు చెప్పేది ఇంతే. చెయ్యి చన్నీళ్ళలో ఉంది, గడ్డచలిలో ఉంది, మొద్దుబారుతోంది. బాగా మొద్దుబారాక 'అయజ్' అనండి, అప్పుడు నర్సు గుడ్డ తీస్తుంది. నాకు గుర్తు కావాలి కదా. మొదట్లో ఆవిడ ఆ మాట అనేది కాదు. 'కొరికేది వచ్చింది, కొరికేది వచ్చింది' అనేది. నొప్పి కొరుకుతోందంటోంది అనుకున్నాను! ఆపు, ఆపు అని నర్సును ఆపేవాణ్ణి. ఇంకా లోపలికి పంపి, అలా కాదు, చలిని దాని పేరుతో పిలవండి, అయజ్ అనండి అన్నాను. చాలాసేపు పట్టింది. చివరికి అంది."

"కొరికేది అంటే చలి."

"ఏ ఊరి మాట?"

"మా ఇంటి మాట."

అతని బామ్మ కూడా తాతను 'మా ముసలాయన' అనేదట, పేరు చెప్పకపోవడం తెలుసట, కానీ మాటలు కూడా వదిలేస్తారని తెలియదట. తెలియకపోవడం నిజమేనా? మొహం నిజంలాగే ఉంది. పట్నంవాళ్ళ మొహాలు నాకు చదవడం రాదు.

"మాట మార్చు," అన్నాను.

"నడుస్తున్నదాన్ని మార్చడం..."

"మార్చు."

"సరే. 'మంచుగడ్డ' అందాం. ఇంట్లో ఎవరికీ ఆ పేరు లేదు కదా?"

లేదన్నాను.

మే 15

గాలి ఎక్కువ. సరస్సు నల్లగా ఉంది. తోటలో పూత రాలి కాలువ నిండా తేలింది, జల్లెడ పట్టేసింది, తీశాను.

కొత్త మాటతో కట్టు మార్చారు. నేను రోడ్డు మీద నిలబడ్డాను. అరిచింది. మొదటి రోజుల కంటే ఎక్కువగా.

రయీసా పెత్రోవ్నా వరండాలో ఎర్నిస్‌ను రష్యన్‌లో తిట్టింది. నాకు వచ్చినంతలో అర్థమైంది. ఇలాగైతే తాను కత్తి పట్టనంది. పందొమ్మిదో తారీఖు లోపు తేల్చమంది. ఆ తర్వాత చర్మం పట్టదట.

ఒకటి అనిపిస్తోంది. కావాలనే సరిగ్గా చేయలేదేమో. పాత మాటే కావాలి అతనికి. నా పేరు ఉంటేనే అతని మంత్రం పనిచేస్తుందని నాకు చూపించాలనుకున్నాడు. ఎందుకు చూపించాలో అంతు చిక్కలేదు.

మే 16

నీళ్ళు వదిన చేత వదిలించాను. తూము తిప్పడం వచ్చు ఆవిడకు, వంతుల మీద నమ్మకం లేదు. టోకోన్‌తో పోట్లాడి ఉంటుంది.

బురుల్ మంచం పక్కన కూర్చున్నాను. మిగతా మంచాలవాళ్ళు ఎండలోకి వెళ్ళారు. మొహం ఎముకలకు అంటుకుపోయింది.

"మాట ఎవరు మార్చారు?" అంది.

"డాక్టరు."

"డాక్టరుకు ఎవరు చెప్పారు?"

నేను చెంబులో నీళ్ళు చూశాను, నిండుగానే ఉన్నాయి.

"అబద్ధమాడాను నీతో," అంది. "గుర్తులేదన్నాను. అన్నీ గుర్తే. నిద్రా కాదు, పాడూ కాదు. నర్సు కత్తెర చప్పుడు వినపడుతుంది. బయట బస్సు వచ్చింది తెలుస్తుంది. ఊరికే నేనక్కడ ఉండను, అంతే."

"ఎక్కడుంటావు?"

"మా పుట్టింటి వాగు దగ్గర. చలికాలం తిండికని గుర్రాన్ని కోస్తే పేగులు కడగడానికి మా అమ్మ నన్నూ చెల్లినీ పంపేది. మంచు పగలగొట్టి చేతులు పెట్టేవాళ్ళం. కాసేపు మంట. ఆ తర్వాత చెయ్యి నీది కాదు. కోసినా తెలియదు. 'అయజ్! అయజ్! నీ ఇల్లు కూల!' అని వాగును తిట్టేవాళ్ళం ఇద్దరం, నవ్వుకుంటూ."

నా ఎదురుగా, కళ్ళు తెరుచుకుని, అంది. ఎర్రబడలేదు.

"నేను?" అన్నాను.

"నువ్వు లేవు."

చెంబు కిటికీ వైపు జరిపాను.

"నువ్వింకా రాలేదయ్యా. నాకు పన్నెండేళ్ళు. అక్కడ అది ఒట్టి చలి. నీ పేరు ఎవరి పేరూ కాదు."

కిటికీ బయట ఎవరో తివాచీ దులుపుతున్నారు.

"నాతో ముందే చెప్తే?"

"చెప్తే నువ్వొచ్చేసేవాడివి అక్కడికి. ప్రతిచోటికీ వస్తావుగా, పార పట్టుకుని. ఏ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడ్డానికి." నవ్వింది, నొప్పికి ఆపేసింది. "నువ్వు గుమ్మంలో ఉన్నావని తెలిస్తే నా నోరు మూతపడుతుంది. ఆ రోజు అక్క కట్టు విప్పుతుంటే చూడలా? పోతూ పోతూ వాగు దాకా వచ్చాను. కళ్ళు తెరిస్తే నువ్వు. ఇంకేముంది, కోడలినైపోయాను."

నా మీద కోపంతో అన్నట్టు లేదు. కోపంగా అంటే బాగుండేది. ఆమెకు నొప్పి లేని చోటల్లా నేను లేని చోటేనా అని అడగాలనుకున్నాను. అడగలేదు. చెప్పేస్తుందని.

మే 17

డాక్టర్ ఎర్నిస్‌తో పాత మాటే ఉంచమన్నాను.

"ఖాయంగా?"

"ఖాయం. ఆపరేషన్ రోజు నేను రానని ఆమెకు చెప్పు. ఊళ్ళో ఉంటాడు, కాలువ మీద ఉంటాడు అని చెప్పు."

"ఉంటారా?"

"నువ్వు చెప్పు."

నా మొహం కాసేపు చూశాడు. అతను నన్ను నిద్రపుచ్చబోతున్నాడేమోనని చూపు తిప్పుకున్నాను.

మే 18

పొద్దున చలి. టోకోన్ చేను మళ్ళీ తడి. వంతు అతనిదే, వదిన ఇచ్చిందట. కారుకు బదులుట. వంతుల లెక్కలో అలాగే రాసుకున్నాను.

మే 19

తేట. గాలి లేదు. ఇది ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద రాస్తున్నాను.

నేను కాలువ మీద ఉండాలి. బస్సు వచ్చింది, ఎక్కాను.

గేటు దాకానే అనుకున్నాను. గేటు దగ్గర పొద్దుతిరుగుడు గింజలు అమ్మే ముసలమ్మ కూర్చుంటుంది. ఆమె పక్కన చోటుంది. అక్కడి నుంచి కిటికీ కనపడదు, వినపడుతుంది. ఉక్కగా ఉందేమో పైరెక్క తీసే ఉంచారు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పిలిచింది.

"అయజ్!"

పిలిస్తే పలకాలి. చిన్నప్పుడు అమ్మ కొట్టి నేర్పింది. గొంతులో 'ఆ' దాకా వచ్చింది. నోట్లో గింజలు పోసుకున్నాను, పొట్టుతో సహా.

మళ్ళీ పిలిచింది. ఆగి, మళ్ళీ. చిన్నపిల్ల గొంతు. నేనెప్పుడూ వినని గొంతు. కోపం కూడా ఉంది అందులో, ఆటకోపం. నా పేరును అంత ఇష్టంగా ఎవరూ తిట్టలేదు.

ముసలమ్మ చెవి అటు పెట్టింది.

"ఎవరో పాపం, అయజ్ అంట, పిలుస్తానే ఉంది. ఎవడువాడు, పలకడేం?"

"తెలియదు," అన్నాను.

"కొడుకేమో."

"ఏమో."

"మొగుడు మాత్రం కాదులే, మొగుణ్ణి పేరెట్టి ఎవత్తి పిలుస్తుంది? ఎవడైనా గానీ, అంతలా పిలుస్తుంటే రాతిబొమ్మ కూడా 'ఏం' అంటుంది. ఎక్కడ చచ్చాడో!"

"ఇంకా పుట్టలేదు," అన్నాను.

నా వైపు చూసి గింజల బుట్ట కాస్త అటు జరుపుకుంది.

ఎంతసేపైందో. అరుపు లేదు. పేరు తప్ప ఇంకేమీ లేదు. ఒకసారి నవ్వు కూడా వినపడినట్టుంది. ప్రతిసారీ నేను గింజలు నమిలాను. నాలుక పగిలింది.

పిలుపు ఆగాక ఆవరణలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రయీసా పెత్రోవ్నా బయటికి వచ్చింది. టోపీ తడిసిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వేశాను. కదల్లేదు. పట్టిందో లేదో వారం తర్వాత చెప్తాను. వేళ్ళు కదుపుతోంది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బస్సు వచ్చిందన్నమాట ఇవాళ."

ఆవిడ వెనక ఎర్నిస్. బెంచీ మీద నా పక్కన కూలబడ్డాడు. గొంతు పోయింది అతనికి.

"ఇంకా అక్కడే ఉందా?" అన్నాను.

"లేదండీ. ఇందాకే బయటికి తెచ్చేశాను. అంకెలు లెక్కపెట్టించాను, కళ్ళు తెరిచింది, టీ అడిగింది. ఆవును ఎవరు పిండారని అడిగింది."

"నేను వచ్చానని చెప్పావా?"

"చెప్పాను. ఇప్పుడు చెప్పొచ్చు కదా."

మంచిదన్నాను. అతను సిగరెట్ ముట్టించాడు. నేను ఈ పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను, మర్చిపోకముందే.

రాస్తుంటే కిటికీలోంచి మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్ల గొంతు కాదు. బొంగురుగా, అలసటగా, వంటింట్లోంచి పిలిచే గొంతు. ఆ పేరే.

ఎర్నిస్ తల ఎత్తాడు. "నేను తెచ్చేశానండీ," అన్నాడు. "ఒట్టు, పూర్తిగా తెచ్చేశాను."

అయితే ఇప్పుడు పిలిచేది దేన్ని? గదిలో చలి లేదు. ఉక్క. వాగులో ఒక కాలు ఉండిపోయిందేమో. లేదా ఇతను సరిగ్గా తేలేదేమో, ఇతన్ని నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. లేదా, నేను వచ్చానని తెలిసి.

నీళ్ళ లెక్క రాయాలి ముందు. పొద్దున గోధుమకు వదిలాను. వచ్చేటప్పుడు పెద్ద తూము తలుపు

మళ్ళీ పిలిచింది. పెద్ద తూము